మధ్యయుగ ముస్లిం రాజ్యాల్లో యూదులు, వడ్డీ వ్యవహారాలు

ఏడో శతాబ్దం నుంచి పదిహేనో శతాబ్దం చివరిదాకా స్పెయిన్ మొదలు ఇరాన్ వరకు విస్తరించిన ముస్లిం రాజ్యాల్లో యూదులను ఎలా చూశారు, వడ్డీని ఎలా చూశారు, ఈ రెండు చూపులూ ఎక్కడ కలిశాయి అన్నది ఈ వ్యాస విషయం. వడ్డీకిచ్చే యూదుడు అనగానే మన చదువరులకు గుర్తొచ్చేది షైలాక్. 1290లోనే యూదులందరినీ వెళ్ళగొట్టిన ఇంగ్లండులో, ఆ తర్వాత మూడు వందల ఏళ్ళకు, యూదులు బహిరంగంగా బతకడానికి వీల్లేని రోజుల్లో పుట్టిన నాటక పాత్ర అది. దాన్ని బాగ్దాదుకో కైరోకో ఆపాదించి చరిత్ర రాసినవాళ్ళు ఉన్నారు. ఆనాటి రాతప్రతులు మాత్రం వేరే సంగతి చెబుతాయి. ముస్లిం రాజ్యాల్లో యూదుల మీద వ్యతిరేకత ఉంది, కొన్నిసార్లు అది రక్తపాతం దాకా వెళ్ళింది. కానీ దానికి వడ్డీ ప్రధాన కారణం అయిన సందర్భాలు అరుదు.

మక్కా, మదీనా

ఇస్లాంలో వడ్డీని, ఇంకా విశాలంగా చెప్పాలంటే అన్యాయంగా వచ్చే పెరుగుదలను, 'రిబా' అంటారు. ఇస్లాంకు ముందు అరేబియాలో రిబా తీసుకున్నవాళ్ళు ప్రధానంగా అరబ్బు వర్తకులే. అప్పు గడువు ముగిశాక రుణదాత వచ్చి, "తీరుస్తావా, పెంచుతావా" అని అడిగేవాడు. తీర్చలేనివాడికి గడువు పెరిగేది, దానితో పాటు బాకీ రెట్టింపయ్యేది. తాయిఫ్ పట్టణపు సఖీఫ్ తెగవాళ్ళు ఈ వ్యాపారంలో పేరుమోసినవాళ్ళు. మక్కాలోని ముఘీరా వంశంవాళ్ళ నుంచి తమకు రావలసిన వడ్డీ కోసం వాళ్ళు పట్టుబట్టిన సందర్భంలోనే, మిగిలిన రిబాను వదిలేయమని చెప్పే రెండో అధ్యాయంలోని ఖురాన్ వాక్యం వచ్చిందని వ్యాఖ్యాతలు చెబుతారు. 632లో చేసిన చివరి హజ్ ప్రసంగంలో ప్రవక్త మహమ్మద్ పాత వడ్డీ బాకీలన్నిటినీ రద్దుచేస్తూ ముందుగా సొంత చిన్నాన్న అబ్బాస్‌కు రావలసినదాన్ని కొట్టేశారు. అంటే నిషేధపు తొలి దెబ్బ పడింది సొంతవాళ్ళ మీద.

యూదుల ప్రస్తావన నాలుగో అధ్యాయంలో వస్తుంది. తమకు నిషేధించినా రిబా తీసుకున్నారన్నది అక్కడ వారి మీద మోపిన తప్పుల్లో ఒకటి. మూడో అధ్యాయంలో గ్రంథప్రజల (యూదులు, క్రైస్తవులు) గురించి మరో మాట ఉంది. వాళ్ళలో కొందరికి ధనరాశి అప్పగించినా తిరిగి ఇచ్చేస్తారు, మరికొందరు నెత్తిన నిలబడితే తప్ప ఒక్క దీనారు కూడా ఇవ్వరు అని దాని సారాంశం. తర్వాతి శతాబ్దాల వ్యాఖ్యాతలు తమ కాలాన్నీ కోపాన్నీ బట్టి ఆ వాక్యంలో మొదటి సగాన్నో రెండో సగాన్నో ఎత్తి చూపారు.

ప్రవక్త మాటలను, చేతలను చెప్పే హదీసుల్లో మదీనా యూదులు రుణదాతలుగా కనిపిస్తారు. ప్రవక్త మరణించేనాటికి ఆయన కవచం ఒక యూదుడి దగ్గర ముప్పై సా (ధాన్యం కొలత) బార్లీకి తాకట్టులో ఉందని ఆయన భార్య ఆయిషా చెప్పిన హదీసు బుఖారీ సంకలనంలో ఉంది. శాస్త్రకారులకు ఇది చాలా అక్కరకొచ్చిన ఉదంతం. తాకట్టు చెల్లుతుందనీ, యూదులతో లావాదేవీ జరపవచ్చనీ రెండు సూత్రాలను వాళ్ళు దీని నుంచే తీశారు. జాబిర్ అనే అనుచరుడి తండ్రి ముప్పై వస్ఖుల (మరో కొలత) ఖర్జూరాలు ఒక యూదుడికి బాకీపడి చనిపోతే, గడువు ఇవ్వమని ప్రవక్త స్వయంగా అడిగినా ఆ రుణదాత ఒప్పుకోలేదనీ, చివరికి పంట మహిమతో పెరిగి బాకీ తీరిందనీ మరో హదీసు. ఈ కథలోని రుణదాత మొండివాడే. అయినా బాకీ ఎగ్గొట్టమని ఎవరూ అనరు.

మదీనా నుంచి నదీర్ తెగ యూదులను వెళ్ళగొట్టినప్పుడు వాళ్ళకు రావలసిన బాకీల మాట వచ్చింది. కొంత తగ్గించుకుని వెంటనే తీసుకోమని ప్రవక్త చెప్పారట. ప్రవక్త యుద్ధాల చరిత్ర రాసిన వాఖిదీ ఒక లెక్క కూడా ఇచ్చాడు. అబూ రాఫీ అనే యూద ప్రముఖుడికి ఉసైద్ అనే ముస్లిం నుంచి 120 దీనార్లు రావాలి. అసలు 80 దీనార్లు తీసుకుని మిగతాది వదులుకున్నాడు. మదీనాలో యూదులు వడ్డీకి ఇచ్చేవారన్నది కల్పన కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. అయితే తాయిఫ్, మక్కా అరబ్బులు చేస్తున్న పనినే వీళ్ళూ చేశారు, అంతకంటే వేరేమీ కాదు.

శాస్త్రకారుల లెక్క

ఎనిమిది, తొమ్మిది శతాబ్దాల్లో ధర్మశాస్త్ర సంప్రదాయాలు (హనఫీ, మాలికీ, షాఫియీ, హంబలీ) స్థిరపడేసరికి రిబా పరిధి బాగా పెరిగింది. బంగారం, వెండి, గోధుమ, బార్లీ, ఖర్జూరం, ఉప్పు అనే ఆరు సరుకులను అదే జాతి సరుకుతో మార్చుకుంటే ఎక్కువ తక్కువలు ఉండకూడదు, చేతికి చేతనే ఇచ్చిపుచ్చుకోవాలి అని హదీసు. నాణేలు మార్చే షరాబు ఈ లెక్కన రోజుకు పదిసార్లు తప్పు చేసే ప్రమాదంలో ఉంటాడు. అందుకే పదకొండో శతాబ్దపు మహా పండితుడు గజాలీ షరాబు వృత్తిని పెద్దలు ఇష్టపడలేదని రాశాడు. రిబా సూక్ష్మాలను తప్పించుకోవడం ఆ వృత్తిలో కష్టం. ఆ అనుమానం వృత్తి మీద, చేసేవాడి మతం మీద కాదు. బజారు మీద అజమాయిషీ చేసే ముహతసిబ్ అధికారుల కోసం రాసిన చేతిపుస్తకాలూ షరాబులందరినీ ఒకేలా కనిపెట్టి ఉండమంటాయి.

ముస్లిం పాలనలో జిజియా (తలపన్ను) కట్టి రక్షణ పొందే యూదులు, క్రైస్తవులను 'జిమ్మీలు' అనేవారు. వారికి సారాయి, పందిమాంసం వంటి విషయాల్లో హనఫీ శాస్త్రకారులు మినహాయింపు ఇచ్చారు. వడ్డీలో ఇవ్వలేదు. నజ్రాన్ క్రైస్తవులతో ప్రవక్త చేసుకున్న ఒప్పందంలోనే రిబా తీసుకునేవారికి రక్షణ ఉండదన్న షరతు ఉందని వాళ్ళ ఆధారం. జిమ్మీలు తమలో తాము చేసుకున్న వ్యవహారం ఖాజీ ముందుకు రానంతవరకు పట్టించుకోనక్కర్లేదన్న అభిప్రాయం కూడా ఉండేది. ఏది తీసుకున్నా, ముస్లింలకు వడ్డీకి అప్పివ్వడానికి యూదుడికి లైసెన్సు ఇచ్చిన ధర్మశాస్త్రం ఏదీ లేదు. విచిత్రం ఏమిటంటే, శత్రురాజ్యంలో ఉన్న ముస్లిమేతరుడి నుంచి ముస్లిం రిబా తీసుకోవచ్చని హనఫీ సంప్రదాయ మూలపురుషుడు అబూ హనీఫా, ఆయన శిష్యుడు షైబానీ అనుమతించారు. మరో శిష్యుడు అబూ యూసుఫ్ ఒప్పుకోలేదు.

యూదుల సొంత శాస్త్రంలోనూ ఇలాంటి గీతే ఉంది. తోరా యూదుడు యూదుడి నుంచి వడ్డీ తీసుకోవడాన్ని నిషేధించింది, పరాయివాడి నుంచి తీసుకోవచ్చంది. తాల్ముద్ రబ్బీలు ఆ అనుమతికి కళ్ళెం వేశారు. జీవనోపాధికి అవసరమైనంత మేరకే, లేకపోతే పరాయివాళ్ళతో మరీ రాసుకుపూసుకు తిరిగి వాళ్ళ నడవడి నేర్చుకుంటారని వాళ్ళ భయం. పన్నెండో శతాబ్దంలో కైరోలో ఉన్న యూద శాస్త్రకారుడు మైమొనిడీస్ పరాయివాడికి వడ్డీకి ఇవ్వడం ఒక విధి అని ధర్మసంహితలో రాసి, ఆ వెంటనే రబ్బీల హద్దునూ నమోదు చేశాడు. యూరప్‌లో ఈ అనుమతి మీద పెద్ద వృత్తే లేచింది. ఆయన నివసించిన కైరోలో అలా జరగలేదు.

కారణం తెలియాలంటే ముస్లిం బజారు పనిచేసిన తీరు చూడాలి. నిషేధం ఉంది కదా అని అప్పు ఆగలేదు. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన వాక్యం అప్పును రాతలో పెట్టుకోమని చెప్పేదే. పెట్టుబడి కావలసినవాడికి 'ఖిరాద్' అనే భాగస్వామ్యం ఉండేది. ఒకడు సొమ్ము పెడతాడు, ఇంకొకడు దాంతో వ్యాపారం చేస్తాడు, లాభం ముందే అనుకున్న వాటాల్లో పంచుకుంటారు. నష్టమొస్తే సొమ్ము పెట్టినవాడిదే, రెండోవాడు తన శ్రమ మాత్రం కోల్పోతాడు. సరుకు అరువు మీద ఎక్కువ ధరకు అమ్మవచ్చు. ఇవేవీ చాలకపోతే 'హీలా', అంటే శాస్త్రం ఒప్పే ఉపాయం ఉంది. బట్టల తానును 120 దీనార్లకు ఏడాది అరువు మీద అమ్మి, అక్కడికక్కడే 100 దీనార్ల నగదుకు తిరిగి కొంటే, తాను కదలకుండానే ఇరవై దీనార్ల వడ్డీ పుట్టినట్టే. మాలికీ, హంబలీ శాస్త్రకారులు దీన్ని ఈసడించారు. రూపం సరిగ్గా ఉంటే అమ్మకం చెల్లుతుందన్నది షాఫియీల వాదన. బాగ్దాదులో తొమ్మిదో శతాబ్దపు హనఫీ పండితుడు ఖస్సాఫ్ పేరుతో ఇలాంటి ఉపాయాల మీద ఒక గ్రంథమే ఉంది. ముస్లింకు ముస్లిమే అప్పు పుట్టించగల దారులు ఇన్ని ఉంటే, ఆ పనికోసం ప్రత్యేకంగా మరో మతంవాడిని వెతుక్కోవలసిన అవసరం ఎందుకుంటుంది?

బాగ్దాదు షరాబులు

తొమ్మిదో శతాబ్దపు వచన రచయిత జాహిజ్ (మరణం 868-69) క్రైస్తవులను ఖండిస్తూ రాసిన ఒక పత్రంలో అనుకోకుండా ఒక సామాజిక చిత్రం ఇచ్చాడు. జనానికి యూదులకంటే క్రైస్తవులంటే ఎందుకు గౌరవమో వివరిస్తూ, క్రైస్తవుల్లో రాజుల లేఖకులు, ప్రభువుల వైద్యులు, అత్తరు వర్తకులు, షరాబులు ఉన్నారనీ, యూదుడైతే అద్దకంవాడో, తోళ్ళు ఊనేవాడో, కసాయో, చెప్పులు కుట్టేవాడో అయి ఉంటాడనీ అన్నాడు. జాహిజ్‌కు అతిశయోక్తి అలవాటు, వాదన కోసం రంగులు ముదురుగా పూస్తాడు. అయినా ఈ వాక్యం చాలా విలువైంది. డబ్బు మార్పిడి అనగానే ఆ కాలపు బాగ్దాదు పాఠకుడికి తట్టింది క్రైస్తవుడు. యూదుడు తట్టలేదు.

నూరేళ్ళు దాటాక భూగోళ రచయిత ముఖద్దసీ సిరియా గురించి రాస్తూ అక్కడ నాణేల నాణ్యత తేల్చేవాళ్ళు, అద్దకంవాళ్ళు, షరాబులు, తోళ్ళు ఊనేవాళ్ళలో ఎక్కువమంది యూదులని, వైద్యులు, లేఖకుల్లో ఎక్కువమంది క్రైస్తవులని చెప్పాడు. మధ్యలో ఏం జరిగింది? యూదులు పెద్ద సంఖ్యలో ఇరాక్ పొలాలు వదిలి పట్టణాలకు చేరారు. చదువు, దూరప్రాంత బంధుత్వాలు అక్కరకొచ్చే వృత్తుల్లో కుదురుకున్నారు. అలా కుదిరిన తర్వాత కూడా ముఖద్దసీ జాబితాలో షరాబు పక్కనే తోళ్ళు ఊనేవాడు ఉన్నాడన్నది మరవకూడదు. యూదుల్లో బీదా బిక్కీ ఎక్కువే.

ఈ కాలంలో బాగ్దాదు అబ్బాసీ ఖలీఫాల ఖజానాలో 'జహ్‌బద్' అనే ఉద్యోగం ప్రముఖమైంది. పన్నుల రూపంలో రాష్ట్రాల నుంచి వచ్చే రకరకాల నాణేలను పరీక్షించి, మార్చి, జమ చేసి, అవసరానికి ముందుగా సర్దుబాటు చేసేవాడు జహ్‌బద్. ఖలీఫా ముఖ్తదిర్ (908–932) కాలంలో ఫిన్హాస్ కొడుకు యూసుఫ్, ఇమ్రాన్ కొడుకు హారూన్ అనే ఇద్దరు యూదులు అహ్వాజ్ ప్రాంతపు జహ్‌బద్‌లుగా వెలిగారు. 908లోనే ఈ ఖలీఫా యూదులు, క్రైస్తవులు ప్రభుత్వంలో వైద్యులుగానూ జహ్‌బద్‌లుగానూ తప్ప ఇంకే కొలువులోనూ ఉండరాదని ఉత్తర్వు ఇచ్చాడని చరిత్రకారులు రాశారు. అవమానపు ఉత్తర్వులో కూడా ఈ రెండు తలుపులు తెరిచే ఉంచవలసి వచ్చిందంటే, ఖజానాకు వాళ్ళ అవసరం ఎంతో ఊహించుకోవచ్చు.

తనూఖీ అనే ఖాజీ పోగుచేసిన ముచ్చట్లలో వజీరు అలీ ఇబ్న్ ఈసా ఈ ఇద్దరినీ పిలిపించి మాట్లాడిన సన్నివేశం ఉంది. నెల మొదట్లో కాల్బలానికి జీతాలివ్వాలి, చేతిలో పైకం ఉండదు. మీ మీదా మీ వారసుల మీదా పడగల శిక్షను ఆపాలంటే ఒక పని చేయండి, ప్రతి నెలా మొదటి రోజుకు 1,50,000 దిర్హముల సొమ్ము ముందుగా ఇవ్వండి, అహ్వాజ్ రాబడి నుంచి తిరిగి రాబట్టుకోండి అన్నాడు వజీరు. వాళ్ళు ముందు వెనకాడారు, తర్వాత లొంగారు. ఆ ఏర్పాటు పదహారేళ్ళు నడిచింది. వజీరుకు రావలసిన 'సుఫ్తజా'లు, అంటే దూరపు ఊరి నుంచి వచ్చే చెల్లింపు పత్రాలు, గడువుకు ముందే నగదు చేసుకోవాలన్నా వీళ్ళే దిక్కు. దానికి దీనారుకు ఇంతని వెండి రూపంలో రుసుము పుచ్చుకునేవారు. రిబా అనే మాట ఎవరూ పలకలేదు.

ఈ సన్నివేశంలో అప్పిచ్చేవాడి చేతిలో బలం లేదు, పుచ్చుకునేవాడి చేతిలో కత్తి ఉంది. షైలాక్ కథకు ఇది తలకిందులు. ఆ ఇద్దరినీ చనిపోయేదాకా పదవి నుంచి తీసెయ్యలేదని చెబుతూ తనూఖీ ఇంకో కారణం జోడించాడు. జహ్‌బద్ పదవికి వర్తకుల్లో పరపతి నిలబడాలి. అలాగైతేనే అవసరం వచ్చినప్పుడు వర్తకులు జహ్‌బద్ ద్వారా ప్రభుత్వానికి అప్పిస్తారు. అంటే ఆ లక్షల దిర్హములు ఇద్దరు యూదుల ఇనప్పెట్టెల్లోంచి మాత్రమే రాలేదు. వెనక బాగ్దాదు వర్తకలోకం ఉంది. యూసుఫ్ అల్లుడు నతీరా, ఆ తర్వాత అతని కొడుకు సహల్ దర్బారులో పలుకుబడి సంపాదించి తమ సమాజానికి పెద్దదిక్కుగా నిలిచారు. తొమ్మిదో శతాబ్దం మధ్యలో, 850లో, ఖలీఫా ముతవక్కిల్ జిమ్మీల దుస్తుల మీద ఆంక్షలు పెట్టిన అబ్బాసీ రాజ్యం కూడా ఇదే.

ఇతరచోట్లా షరాబు వృత్తి ఏ ఒక్క మతానికీ సొంతం కాదు. పదకొండో శతాబ్దపు పర్షియన్ యాత్రికుడు నాసిర్ ఖుస్రో ఇస్‌ఫహాన్‌లో రెండు వందల మంది షరాబులున్న బజారును చూశాడు. బస్రాలో వర్తకులు సొమ్మంతా షరాబు దగ్గర వేసి, కొన్న సరుకుకల్లా అతని మీద చీటీ రాసివ్వడం గమనించాడు.

ఫుస్తాత్ గదిలో దొరికిన కాగితాలు

పాత కైరో అయిన ఫుస్తాత్‌లో బెన్ ఎజ్రా ప్రార్థనాలయం ఉంది. దేవుడి పేరు రాసిన కాగితాన్ని పారేయకూడదన్న ఆచారం వల్ల అక్కడి యూదులు పాత కాగితాలన్నీ ఒక గదిలో వేస్తూ వచ్చారు. ఆ గదిని గెనిజా అంటారు. సోలమన్ షెక్టర్ 1896–97లో అందులో పెద్ద భాగాన్ని కేంబ్రిడ్జికి తరలించాడు. ఉత్తరాలు, పద్దులు, పెళ్ళి ఒప్పందాలు, కోర్టు కాగితాలు, అప్పుపత్రాలు అందులో ఉన్నాయి. ఎస్. డి. గోయిటైన్ ఈ కాగితాల మీద జీవితకాలం పనిచేసి 1967 నుంచి సంపుటాలుగా ప్రచురించిన 'మధ్యధరా సమాజం' అనే గ్రంథం మన ప్రశ్నకు అందరికంటే గట్టి సమాధానం ఇచ్చింది.

పది నుంచి పదమూడో శతాబ్దం దాకా ఈజిప్టు యూదుల బతుకులో వడ్డీ వ్యాపారం ఒక పక్కకు పడిన చిన్న విషయం. అవిసెనార, పట్టు, అద్దకపు నీలి, ఔషధాలు, మిరియాలు, రాగి, తోళ్ళు వాళ్ళ ఉత్తరాల నిండా ఉంటాయి. ఖైరవాన్ నుంచి వచ్చి పదకొండో శతాబ్దంలో ఫుస్తాత్‌లో స్థిరపడిన నహరాయ్ బెన్ నిస్సీమ్ అనే వర్తకుడికి వచ్చిన ఉత్తరాలు వందల్లో దొరికాయి. అతను నాణేల మార్పిడి, చెల్లింపు పత్రాల పని కూడా చేశాడు. అయినా అతని రాబడికి ముఖ్యాధారం సరుకుల వర్తకమే. పెట్టుబడికి వీళ్ళు ఎంచుకున్న పద్ధతి భాగస్వామ్యం. పైగా యూదశాస్త్రంలోని భాగస్వామ్యంలో పెట్టుబడిలో సగం అప్పుగా లెక్కకు వచ్చి పనిచేసేవాడి మీద భారం పడుతుంది కాబట్టి, చాలామంది ముస్లింల ఖిరాద్‌నే వాడుకున్నారు, 'పరాయివారి ఖిరాద్' అని దాన్ని పేరుపెట్టి మరీ రాసుకున్నారు. ఇరాక్‌లోని యూద మతపీఠాల పెద్దలు కూడా ఇలాగే సర్దుకున్నారు. చెల్లింపు పత్రాలతో సొమ్ము పంపడం పాత శాస్త్రానికి సరిపడదని వాళ్ళకు తెలుసు. జనం వాడుతున్నారు, కాదంటే వర్తకం దెబ్బతింటుంది కాబట్టి వర్తకుల ఆచారం ప్రకారం తీర్పు ఇస్తున్నామని తేల్చారు.

యూదుడు, ముస్లిం కలిసి దుకాణం పెట్టుకోవడం కూడా మామూలే. అలాంటి భాగస్తులైన చేతిపనివాళ్ళ గురించి మైమొనిడీస్‌కు ఒక ప్రశ్న వచ్చింది. శుక్రవారం లాభం యూదుడికి, శనివారం లాభం ముస్లింకు పంచుకోవచ్చునా అని. పొట్టకూటి వ్యవహారంలో ఒకరి పండుగ రోజు మరొకరికి అడ్డురాకుండా సర్దుకున్న తీరు ఇది. యూదులు తమ ఒప్పందాలను ఖాజీ దగ్గర రిజిస్టరు చేయించుకోవడం కూడా గెనిజాలో కనబడుతుంది. ఖాజీ కోర్టులో నిలబడాలంటే పత్రంలో బాహాటమైన వడ్డీ ఉండడానికి వీల్లేదు.

ఈ కాగితాల్లోనే మన పశ్చిమ తీరం కూడా వస్తుంది. అబ్రహాం బెన్ యీజూ అనే ట్యునీషియా యూదుడు పన్నెండో శతాబ్దంలో మంగళూరులో దాదాపు పదిహేడేళ్ళు ఉండి మిరియాలు, ఇత్తడి సామాన్ల వ్యాపారం చేశాడు. అతనూ వడ్డీ వ్యాపారి కాడు.

కోపం ఎక్కడ రగిలింది

స్పెయిన్‌లోని గ్రనాడాలో జీరీ వంశపు రాజులకు శామ్యూల్ ఇబ్న్ నగ్రీలా అనే యూదుడు వజీరు. 1056లో ఆయన పోయాక కొడుకు జోసెఫ్ ఆ స్థానంలోకి వచ్చాడు. 1066 డిసెంబరు 30న జనం విరుచుకుపడి జోసెఫ్‌ను చంపారు, యూదుల వాడను దోచి ఎంతోమందిని నరికారు. ఈ మారణకాండకు ముందు అబూ ఇస్‌హాఖ్ ఇల్‌బీరీ అనే కవి రాజును రెచ్చగొడుతూ ఒక పద్యం రాశాడు. అందులో యూదుల మీద మోపిన నేరం పెత్తనం. రాజ్యాన్ని పంచుకున్నారు, పన్నులు వసూలు చేస్తున్నారు, అణిగి ఉండవలసినవాళ్ళు మంచి బట్టలు కట్టి ముస్లింల నెత్తినెక్కారు అన్నది గోల. క్రైస్తవ యూరప్ కవి అయితే ఆ స్థానంలో వడ్డీని పెట్టేవాడు. ఆ కాలంలోనే స్పెయిన్ ముస్లిం పండితుడు ఇబ్న్ హజ్మ్ యూదుల మీద రాసిన కఠినమైన ఖండనలోనూ ప్రధాన ఆరోపణ గ్రంథాలను తారుమారు చేశారన్నదే.

జిమ్మీకి రక్షణ ఉంది, ఆ రక్షణకు షరతు అణకువ. ఆ అణకువ గీత దాటినట్టు కనిపించిన చోట ముస్లిం సమాజంలో కోపం పుట్టింది. మంగోలు పాలకుడు అర్గూన్ దగ్గర వజీరైన యూద వైద్యుడు సాదుద్దౌలా ఆర్థిక వ్యవహారాలను గట్టిగా చక్కబెట్టి శత్రువులను పెంచుకున్నాడు. 1291లో రాజు మరణశయ్య మీద ఉండగానే అతణ్ణి చంపారు, బాగ్దాదు వంటి నగరాల్లో యూదుల మీద దాడులు జరిగాయి. మామ్లూకుల ఈజిప్టులో 1301లో క్రైస్తవులకు నీలి, యూదులకు పసుపు, సమరియులకు ఎరుపు తలపాగాలు తప్పనిసరి చేశారు. అక్కడి రచయితల ఆగ్రహం ఎక్కువగా కాప్టిక్ క్రైస్తవ లేఖకుల మీద సాగింది. ఫెజ్ నగరంలో 1465లో పన్నుల భారం, యూద వజీరు హారూన్ పెత్తనం కలిసి తిరుగుబాటు లేవదీశాయి. ఆ అల్లరిలో మరీనీ సుల్తాను అబ్దుల్ హఖ్ కూడా చచ్చాడు. పదిహేనో శతాబ్దం చివర సహారా అంచున తువాత్ ఒయాసిస్సులో తిలిమ్సాన్ పండితుడు మఘీలీ యూదుల ప్రార్థనాలయాన్ని కూలగొట్టించాడు. జిజియా నియమాలు పాటించకుండా పాలకులతో కుమ్మక్కయ్యారన్నది ఆయన వాదన. స్థానిక ఖాజీ ఒప్పుకోక ఉత్తర ఆఫ్రికా పండితులకు రాసి అడిగాడు, అభిప్రాయాలు రెండుగా చీలాయి.

చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ మాట ప్రత్యేకంగా చెప్పుకోవాలి. యూదులకు కపటులన్న పేరు ఉందని ఆయనా రాశాడు. అయితే ఆ మాట వచ్చింది పిల్లలను కొట్టి చదువు చెప్పడం గురించిన అధ్యాయంలో. బలప్రయోగం కింద పెరిగిన వాళ్ళెవరికైనా అబద్ధం, దాపరికం అలవాటవుతాయనీ, యూదులు అందుకు ఉదాహరణ అనీ ఆయన వివరణ. దురభిప్రాయం ఉంది, కానీ దానికి కారణం వెతికిన పద్ధతి ఆ కాలానికి అరుదైనది.

మరి అప్పు ఎవరిచ్చారు?

మాలీ రాజు మన్సా మూసా 1324లో హజ్‌కు వెళ్తూ కైరోలో బంగారం వెదజల్లిన కథ అందరికీ తెలుసు. తిరుగు ప్రయాణంలో చేతిలో సొమ్ము లేక అక్కడి వర్తకుల దగ్గర అప్పుచేసిన సంగతి అంతగా తెలియదు. అప్పిచ్చినవారిలో అలెగ్జాండ్రియాకు చెందిన ముస్లిం వర్తకుడు సిరాజుద్దీన్ ఇబ్నుల్ కువైక్ ఒకడు. బాకీ రాబట్టుకోవడానికి బయల్దేరి టింబక్టూలో చనిపోయాడు. అతని సమాధిని యాత్రికుడు ఇబ్న్ బతూతా చూశాడు. ఎర్రసముద్రపు సుగంధద్రవ్యాల వ్యాపారంలో తలపండిన కారిమీ వర్తకులు మామ్లూకు సుల్తానులకు అప్పులిచ్చారు.

ఇరాన్‌లో మంగోలు పాలకుడు గాజాన్ ఖాన్ (పాలన 1295–1304) ఇస్లాం స్వీకరించాక వడ్డీని నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. దాన్ని మెచ్చుకుంటూ చరిత్రలో నమోదు చేసిన వజీరు రషీదుద్దీన్ యూదుడిగా పుట్టి ముస్లిం అయినవాడు. 1318లో అతనికి మరణశిక్ష పడినప్పుడు ఆ పుట్టుకను శత్రువులు మరవలేదు.

ఉస్మానీ తుర్కుల రాజ్యంలో నగదు మూలధనంగా పెట్టి ఏడాదికి నూటికి పది, పదిహేను చొప్పున అప్పులిచ్చి ఆ రాబడితో మసీదులు, బడులు నడిపే వక్ఫులు (ధర్మనిధులు) పుట్టుకొచ్చాయి. పదహారో శతాబ్దంలో షేకుల్ ఇస్లాం (ప్రధాన మతాధికారి) ఎబుస్సూద్ వాటిని సమర్థించాడు, బిర్గివీ అనే పండితుడు గట్టిగా ఎదిరించాడు, గెలుపు ఎబుస్సూద్ పక్షానిదే. కైసేరీ పట్టణపు పదిహేడో శతాబ్దపు కోర్టు రికార్డులను చదివిన రొనాల్డ్ జెన్నింగ్స్ అప్పిచ్చినవాళ్ళలో అత్యధికులు ముస్లింలేననీ, వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారనీ, సాధారణ వడ్డీ ఏడాదికి 20 శాతమనీ తేల్చాడు. మన దగ్గరా ఇలాంటిది ఉంది. పంతొమ్మిదో శతాబ్దపు హైదరాబాదులో హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు జమాదార్లు, రోహిల్లాలు గట్టి వడ్డీకి అప్పులిచ్చి నిజాం సర్కారునే చెప్పుచేతల్లో పెట్టుకున్న రోజులున్నాయి. మొదటి సాలార్‌జంగ్ వాళ్ళను అదుపులోకి తేవడానికి చాలా అవస్థ పడ్డాడు.

యూరప్‌లో జరిగింది వేరు

క్రైస్తవ యూరప్‌లో యూదులకు భూమి దక్కలేదు, వృత్తి సంఘాల్లో చోటు లేదు. 1179 నాటి మూడో లేటరన్ చర్చి సభ వడ్డీ తీసుకునే క్రైస్తవులను బహిష్కరించింది, 1215 నాటి నాలుగో సభ యూదుల అధిక వడ్డీ మీద ప్రత్యేక నియమం చేసింది. ఇంగ్లండు రాజులు యూదుల అప్పుల లెక్కకోసం వేరే ఖజానా శాఖ నడిపి, వాళ్ళ దగ్గర పన్నులు పిండుకుని, బాకీదారుల కోపాన్ని వాళ్ళ మీదికే వదిలారు. 1190లో యార్క్‌లో యూదులను చంపిన గుంపు నేరుగా చర్చికి వెళ్ళి అక్కడ దాచిన అప్పుపత్రాలను తగలబెట్టింది. అలా అప్పుపత్రాల కుప్పకు నిప్పుపెట్టడం కోసం సాగిన యూద సంహారం గ్రనాడా, ఫెజ్ ఉదంతాల్లో కనిపించదు.

పరిశోధకుల మధ్య తగవు

ఇస్లాం వడ్డీని నిషేధించినందువల్లనే బ్యాంకింగ్ యూదుల చేతికి పోయిందని ఫ్రెంచి పండితుడు లూయీ మాసిన్యోన్ 1931లో వాదించాడు. బాగ్దాదు జహ్‌బద్‌ల కథను వెలికితీసిన వాల్టర్ ఫిషెల్ 1937 నాటి పుస్తకంలోనూ ఆ ధోరణి కొంత ఉంది. గెనిజా కాగితాలను గోయిటైన్ చదివి ప్రచురించాక ఆ వాదం నిలబడలేదు. అబ్రహాం ఉడోవిచ్ 1970లో ముస్లిం భాగస్వామ్య చట్టం ఎంత సత్తువగలదో చూపించాడు. 'నెలవంక, శిలువల నీడలో' అనే అర్థం వచ్చే పేరుతో 1994లో పుస్తకం రాసిన మార్క్ కోహెన్, ఇస్లాంలో వర్తకానికి గౌరవం ఉండటం, యూదులు అనేక వృత్తుల్లో చెదిరి ఉండటం వల్లే అక్కడ యూద వ్యతిరేకత ఆర్థిక రూపం తీసుకోలేదన్నాడు. నార్మన్ స్టిల్‌మన్ అవమానాల చరిత్రను మరింత బరువుగా తూచాడు. ఇద్దరి లెక్కలోనూ వడ్డీ వాటా మాత్రం చిన్నదే.

అరబ్బు దేశాల్లో ఇప్పుడు కనిపించే వడ్డీ రాక్షసుడైన యూదుడి బొమ్మకు ఈ మధ్యయుగ గ్రంథాల్లో మూలం వెతకడం దండగ. ఖురాన్ నాలుగో అధ్యాయపు వాక్యం శతాబ్దాల పాటు పుస్తకాల్లోనే ఉంది, బజారులో ఎవరి వ్యాపారాన్నీ నిర్ణయించలేదు. ఆ బొమ్మ పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్ నుంచి దిగింది. 1840లో డమాస్కస్‌లో క్రైస్తవ సన్యాసి ఒకరు కనిపించకపోతే మతకర్మకు రక్తం కోసం చంపారంటూ యూదుల మీద రక్తబలి నింద వేశారు, దానికి ఫ్రెంచి కాన్సల్ అండగా నిలిచాడు. యూదుల ప్రపంచ కుట్ర పేరుతో రష్యాలో పుట్టిన దొంగ పత్రం 'జియోను పెద్దల ప్రోటోకాల్స్' అరబ్బీలోకి 1920లలో వచ్చింది.